అరవై గజాల ఇంటికి మొదటి గీత ఎక్కడ గీయాలి

హైదరాబాదు తూర్పు శివారులోని ఒక కాలనీలో మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు ఉంది. ఆ ఇంటి వంటగది కిటికీ తెరిస్తే జానెడు దూరంలో పూత పూయని ఇటుక గోడ కనిపిస్తుంది. ఇల్లు కట్టినప్పుడు పక్క స్థలం ఖాళీగా ఉండేది. ఆ కిటికీలోంచి వేపచెట్టు కనిపించేది, ఉదయం పది గంటల దాకా గట్టు మీద ఎండ పడేది. ఐదేళ్ల తర్వాత పక్క స్థలం యజమాని ఇల్లు కట్టుకున్నాడు. ఆయన తప్పేమీ చేయలేదు, తన హద్దులోనే గోడ లేపుకున్నాడు. అప్పటి నుంచి మా పెద్దమ్మ పట్టపగలు ట్యూబులైటు వేసుకుని వంట చేస్తోంది. పోపు వేసినప్పుడు ఎగ్జాస్టు ఫ్యాను బయటికి నెట్టిన పొగ ఎదుటి గోడకు తగిలి తిరిగి లోపలికే వస్తుంది.

చిన్న స్థలంలో ఇల్లు కట్టుకునే చాలా కుటుంబాల కథ ఇదే. 60 గజాలో 75 గజాలో కొనుక్కున్నవారు మేస్త్రీని అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని గదులొస్తాయి?’ అన్నదే. సొంతింటి కోసం ఏళ్ల తరబడి కూడబెట్టినవారికి ప్రతి అడుగూ గదిగా మారాలని ఉండటం సహజం. కానీ ఆ ప్రశ్నతో మొదలుపెట్టిన ప్లాను దాదాపు ప్రతిసారీ చీకటి గదులకే దారి తీస్తుంది. చిన్న స్థలంలో గదుల కంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: మెట్లు ఎక్కడ వస్తాయి, ఆకాశం ఎక్కడి నుంచి కనిపిస్తుంది. ఈ రెండూ కుదిరితే గదులు వాటి చుట్టూ సర్దుకుంటాయి. ఇవి కుదరకపోతే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా సరిదిద్దడం కష్టం.

ముందు నిబంధనల సంగతి చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 100 చదరపు మీటర్లు దాటని స్థలంలో, ఇరుకు వీధుల్లో, ఎత్తు 7 మీటర్లు మించకపోతే వీధి వైపు 1.5 మీటర్లు వదిలితే చాలు. మిగిలిన మూడు వైపులా ఖాళీ వదలాలన్న నిర్బంధం లేదు. చిన్న స్థలం కొన్నవారికి మేలు చేయాలన్న ఉద్దేశంతో పెట్టిన సడలింపు ఇది, ఆ మేలును కాదనలేం. కానీ ఆ సడలింపు పక్కవారికీ వర్తిస్తుందన్న సంగతిని ప్లాను గీసేటప్పుడు ఎవరూ గుర్తుంచుకోరు. ఈ రోజు ఖాళీగా ఉన్న పక్క స్థలంలోకి తెరుచుకునే కిటికీ మనకు అరువు మీద వచ్చిన కిటికీ. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (పక్కవారి స్థలం మీద మనకుండే వాడుక హక్కుల చట్టం) 15వ సెక్షను కింద గాలి, వెలుతురు మీద హక్కు ఏర్పడాలంటే వాటిని 20 ఏళ్లపాటు అంతరాయం లేకుండా అనుభవించి ఉండాలి. కొత్త కాలనీలో అన్నేళ్లు ఖాళీగా ఉండే స్థలం ఎక్కడుంటుంది? కాబట్టి పక్క గోడలు రెండూ, వెనక గోడ కూడా ఏదో ఒక రోజు మూసుకుపోతాయని మొదటి రోజే అనుకుని ప్లాను గీయాలి.

తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ప్లస్ వన్ వరకు భవన అనుమతి అక్కరలేకుండా చేసింది. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే సరిపోతుందన్నారు. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ, చేతులు తడిపే బాధ తప్పినందుకు సంతోషించవలసిందే. అయితే అనుమతి అక్కరలేదు కాబట్టి ప్లానే అక్కరలేదన్న భావన కూడా దానితోపాటే వ్యాపించింది. పెద్ద స్థలంలో ఇంజనీరు కాగితం మీద ఒక గీత తప్పు వేసినా చుట్టూ ఉన్న ఖాళీ ఆ తప్పును కొంత మోస్తుంది. 60 గజాల్లో తప్పును మోసే ఖాళీ లేదు. నిజానికి జాగ్రత్తగా గీసిన ప్లాను అవసరం ఎక్కువగా ఉన్నది అలాంటి ఇళ్లకే. వాటికే అది అందడం లేదు.

ఇక కొలతల్లోకి వెళ్దాం. తూర్పు ముఖంగా 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు ఉన్న స్థలాన్ని తీసుకుందాం. సరిగ్గా 60 గజాలు. ముందు 5 అడుగులు వదిలితే 18 × 25, అంటే 450 చదరపు అడుగులు మిగులుతాయి. చుట్టూ 9 అంగుళాల గోడ కడితే ఆ గోడలే 62 చదరపు అడుగులు తినేస్తాయి. పిల్లర్లు, బీముల మీద బరువు మోయించి చుట్టూ 6 అంగుళాల దిమ్మెలు వాడితే 42 చదరపు అడుగులతో సరిపోతుంది. అలా ఆదా అయ్యే 20 చదరపు అడుగులంటే ఒక బాత్రూంలో మూడింట రెండు వంతులు. సాయంత్రపు ఎండ నేరుగా కొట్టే పడమటి గోడ ఒక్కటి మాత్రం, పక్క ఇల్లు వచ్చి నీడ ఇస్తుందన్న నమ్మకం లేకపోతే, 9 అంగుళాలకే ఉంచడం మంచిది. లోపలి అడ్డుగోడలు నాలుగున్నర అంగుళాలు చాలు.

తర్వాతి లెక్క మెట్లది. అంతస్తు ఎత్తు 10 అడుగులు, మెట్టు ఎత్తు ఏడున్నర అంగుళాలు అనుకుంటే 16 ఎక్కుళ్లు, అంటే 16 సార్లు కాలు పైకి వేయడం, వస్తాయి. అలవాటు ప్రకారం మధ్యలో మలుపు తిప్పి రెండు వరుసలుగా వేస్తే 6 అడుగుల వెడల్పు, దాదాపు 9 అడుగుల పొడవు, అంటే 54 చదరపు అడుగులు పోతాయి. దాని కింద బాత్రూం పెట్టేద్దామని చాలామంది అనుకుంటారు. మలుపు దగ్గరి దిమ్మ (స్లాబు) నేల నుంచి 5 అడుగుల ఎత్తులోనే ఉంటుంది, దాని మందం పోను నాలుగున్నర అడుగులే మిగులుతుంది. నడుం వంచి స్నానం చేయవలసిన ఆ బాత్రూంలోకి ఇంట్లో పెద్దవాళ్లు రోజూ ఎలా వెళ్తారో కట్టేటప్పుడే ఆలోచించుకోవాలి.

మెట్లను ఇంటి మధ్యలో ఉత్తర దక్షిణాలుగా అడ్డంగా వేయడం ఇంతకంటే మేలు. లోపలి వెడల్పు 17 అడుగులు ఉంది కదా. మొదటి రెండు మెట్లు హాల్లో మొదలై, ఉత్తరపు గోడ దగ్గర 3 అడుగుల చదరంలో మలుపు తిరిగి, అక్కడి నుంచి తిన్నగా దక్షిణానికి పన్నెండు మెట్లు ఎక్కి పై అంతస్తు దిమ్మ మీదకు చేరతాయి. మలుపు, పై దిమ్మ కూడా ఒక్కో ఎక్కుడే కాబట్టి మొత్తం 16 అవుతాయి. పొడవు మొత్తం 16 అడుగుల్లో సరిపోతుంది, హాల్లోని ఆ రెండు మెట్లు తప్ప 3 అడుగుల పట్టీకి మించి స్థలం పోదు. దక్షిణం చివర పై దిమ్మ కింద పూర్తి ఎత్తు ఉంటుంది కాబట్టి వెనక గదికి దారి అక్కడి నుంచే ఇవ్వవచ్చు. ఈ పట్టీ మీద పై కప్పు వేయకుండా, అడుగెత్తున పాలీకార్బొనేట్ షీటు నిలబెట్టి చుట్టూ జాలీ వదిలితే వేడిగాలి పైకి పోతుంది, వెలుతురు కిందికి దిగుతుంది. హైదరాబాదు దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే, ఆగస్టు నెలల్లో కొన్ని రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. అందుకని ఆ షీటు పారదర్శకంగా కాక పాలరంగులో ఉండటం అవసరం.

మిగతా గదులు ఈ పట్టీకి అటూ ఇటూ సర్దుకుంటాయి. ముందు భాగంలో ఈశాన్యాన హాలు, ఆగ్నేయాన 7 అడుగుల వెడల్పు, దాదాపు 8 అడుగుల లోతు ఉన్న వంటగది, దాని వెనక 3 అడుగుల నడక దారి వస్తాయి. వంటగది కిటికీ వీధి వైపు తెరుచుకుంటుంది, దాన్ని ఎవరూ మూయలేరు. వెనక భాగంలో నైరుతిన పదకొండున్నర అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల వెడల్పుతో పడకగది వస్తుంది. ఇది జాతీయ భవన నియమావళి అడిగే 9.5 చదరపు మీటర్ల కంటే కాస్త ఎక్కువే. వాయవ్యాన 5 × 6 బాత్రూం, దాని పక్కన సుమారు 15 చదరపు అడుగుల పెరటి జాగా ఆకాశానికి తెరిచి ఉంటుంది. బాత్రూం గాలి అటు పోతుంది, వాషింగ్ మిషనూ అక్కడే నిలుస్తుంది. పడకగది కిటికీ మెట్ల పట్టీలోకి తెరుచుకుంటుంది. బాత్రూంకు 7 అడుగుల ఎత్తు చాలు, దాని పైన 3 అడుగుల అటక వస్తే ఆవకాయ జాడీలు, పండగ గిన్నెలు, రగ్గులు అన్నీ అందులోకి వెళ్తాయి.

వాస్తు తెలిసినవారు ఇక్కడే అడ్డు చెబుతారు. ఇంటి నడుమ బ్రహ్మస్థానం మీద బరువు పెట్టకూడదు, మెట్లు దక్షిణానికో పడమరకో ఉండాలి అంటారు. వారి మాటను తేలికగా కొట్టిపారేయాలని నేను అనను. ఆ నియమం దేని కోసమో మన గోదావరి జిల్లాల మండువా లోగిలిని చూస్తే తెలుస్తుంది. నడిమింట ఆకాశం, చుట్టూ గదులు, వాన పడితే నాలుగు చూరుల నీళ్లూ మధ్యకు చేరే ఏర్పాటు. ఆ లోగిలి ప్రాణమంతా మధ్యలోని వెలుతురులో ఉంది. 60 గజాల్లో మండువా కుదరదు కాబట్టి దాని వెలుతురును మెట్ల పట్టీలోంచి తెచ్చుకుంటున్నాం. వాస్తు మాట ప్రకారం మెట్లను నైరుతికి నెట్టి, ఇంటి మధ్యను స్లాబుతో మూసేస్తే నియమం అక్షరాలా నిలబడుతుంది గానీ అది దేని కోసం పుట్టిందో అది పోతుంది. అయినా మనసు ఒప్పుకోని కుటుంబం మెట్లను పక్కకు జరుపుకుని, మధ్యలో కనీసం 4 × 4 అడుగుల ఖాళీని పై కప్పు దాకా వదలాలి. ఈ రెండో దారిలో ఒక గది చిన్నదవుతుంది, అంతే.

ఈ ఆలోచన మన దగ్గరికే పరిమితం కాదు. జపాన్‌లోని ఒసాకాలో ఆర్కిటెక్టు తడావో ఆండో 1976లో కట్టిన సుమియోషి ఇల్లు దాదాపు 57 చదరపు మీటర్ల స్థలంలో, మన లెక్కలో 68 గజాల్లో ఉంది. రెండు పక్కలా ఇళ్లు, వీధి వైపు ఒక్క కిటికీ కూడా లేదు. స్థలాన్ని మూడు భాగాలు చేసి మధ్య భాగాన్ని ఆకాశానికి వదిలేశాడు, మెట్లను అందులోనే పెట్టాడు. వాన రోజు పడకగది నుంచి బాత్రూంకు గొడుగు వేసుకుని వెళ్లాలి. అంత కాఠిన్యం మన ఇళ్లకు అక్కరలేదు. అయితే మూడో వంతు వదిలేసిన ఇంట్లోనే కుటుంబం నివసించగలిగినప్పుడు, ఇరవై ఇరవై ఐదు చదరపు అడుగులు వదలడానికి మనం ఎందుకు వెనకాడాలి?

అద్దె సంగతి కూడా మాట్లాడుకోవాలి. పై పోర్షన్ అద్దెకిస్తే అప్పు కిస్తీ తీరుతుందన్న లెక్క మీదే చాలా చిన్న ఇళ్లు లేస్తున్నాయి. అది న్యాయమైన లెక్కే. కానీ మెట్లు ఇంటి లోపల ఉంటే అద్దెవాళ్లు మన హాల్లోంచి నడవాలి. అందుకని చాలామంది ముందు వదిలిన 5 అడుగుల్లోనే మెట్లు కట్టేస్తారు. అది నిబంధనలకు విరుద్ధం, పైగా వీధి వైపు వచ్చే ఒక్కగానొక్క వెలుతురు దానితో ఆగిపోతుంది. అద్దె తప్పనిసరైతే మెట్లను ఇంటి ముందు మూలలో, వదిలిన ఖాళీకి లోపలగా పెట్టి వీధి నుంచే వేరే తలుపు ఇవ్వాలి, మధ్య ఖాళీని విడిగా వదలాలి. హాలు తగ్గుతుంది. పునాది తవ్వకముందే భార్యాభర్తలు కూర్చుని తేల్చుకోవలసిన నిర్ణయం ఇది.

ఆంధ్రప్రదేశ్‌లో పేదల ఇళ్ల స్థలాల మీద ఏళ్లుగా సాగుతున్న చర్చ సెంట్ల చుట్టూనే తిరిగింది. పట్టణాల్లో ఒక సెంటు, గ్రామాల్లో ఒకటిన్నర సెంటు ఇచ్చినప్పుడు అది చాలదన్నారు, తర్వాత రెండు, మూడు సెంట్ల హామీ వచ్చింది. ఒక సెంటంటే 48.4 గజాలు, ఇరుకైన మాట నిజం. అయితే ఆ స్థలం వెడల్పు ఎంత, లోతు ఎంత, పక్క ఇంటి గోడ ఎక్కడ వస్తుంది అన్న మాటలు ఆ చర్చలో వినిపించలేదు. 15 అడుగుల వెడల్పు గల సెంటుకూ 20 అడుగుల వెడల్పు గల సెంటుకూ ఇంట్లో వచ్చే తేడా చాలా పెద్దది. లేఅవుటు గీసే అధికారులు పక్క పక్క స్థలాల ఖాళీలు ఒకదానికొకటి ఎదురుపడేలా ముందే నిర్దేశిస్తే, అదే స్థలంలో రెండు ఇళ్లకూ వెలుతురు వస్తుంది.

ప్లాను కాగితం మీద తేలాక స్థలంలో ముగ్గు పోయించి, అసలు కొలతలకు గదులు గుర్తు పెట్టించుకోవాలి. మంచం, బీరువా, ఫ్రిజ్ కొలతలకు అట్టముక్కలు కోసి పరిచి, వాటి మధ్య ఇంటిల్లిపాదీ నడిచి చూడాలి. తలుపు గోడ మధ్యలో వస్తోందా, మూలకు వస్తోందా అన్నది అప్పుడే కళ్లకు కడుతుంది. తలుపును ఒక మూలకు జరిపితే అదే గదిలో బీరువాకు గోడ దొరుకుతుంది.

స్లాబు పోసే రోజున మరో పరీక్ష ఎదురవుతుంది. మధ్యలో ఆకాశానికి వదిలిన ఖాళీని చూసి ఎవరో ఒకరు, చాలాసార్లు మేస్త్రీయే, ‘నాలుగు బుట్టల కాంక్రీటు పడితే గది పెద్దదవుతుంది కదండీ’ అంటాడు. మా పెద్దనాన్న ఆ మాటకే తలూపాడు. మధ్యలో వదలాలనుకున్న మూడడుగుల చదరం ఆ మధ్యాహ్నమే మూసుకుపోయింది. తెల్లవారకముందే వెళ్లి, ఆ ఖాళీ చుట్టూ సెంట్రింగ్ చెక్కలు నిలబడి ఉన్నాయో లేదో, దాని అంచుల్లో ఇనుము సరిగా వంచారో లేదో చూసుకున్నాకే కాంక్రీటు కలిపే మిల్లరు తిప్పనివ్వాలి.