సవరణ: రెండు పలకల మధ్య మ్యూయాన్ల లెక్క

కాస్మిక్ మ్యూయాన్లతో (అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల వాతావరణంలో పుట్టి నేలదాకా వచ్చే కణాలు) కణం దూరితే మెరిసే సింటిలేటర్ డిటెక్టర్‌ని పరీక్షించడం గురించి మొన్న పెట్టిన పోస్టులో, 10 సెం.మీ. చదరపు పలకలు రెండింటిని 50 సెం.మీ. ఎడంతో ఒకదానిపై ఒకటి పెడితే రెండింట్లో ఒకేసారి వచ్చే సిగ్నళ్లు నిమిషానికి 100 దాకా ఉండాలని రాశాను. అది తప్పు, నిమిషానికి రెండు సిగ్నళ్లు కూడా రావు.

సముద్ర మట్టంలో చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ అని కణ భౌతికశాస్త్ర అంకెలు కూర్చే పార్టికల్ డేటా గ్రూప్ సమీక్షలో ఉన్న మాట నిజమే, కానీ అది పడుకోబెట్టిన ఒక్క పలక మీద ఆకాశం నలువైపుల నుంచి పడేవన్నీ కలిపి. పై పలకని తాకి కింది పలకని కూడా తాకాలంటే దాదాపు నిట్టనిలువుగా రావాలి, అలాంటివి కొన్నే. నిలువు దిశలో చదరపు మీటరుకు, సెకనుకు, ఆకాశంలో ఎంత మేర చూస్తున్నామో కొలిచే స్టెరేడియన్‌కు 70 అనుకుని లెక్కేస్తే నిమిషానికి 1.7 దగ్గర తేలుతుంది. పలకలు దగ్గరికి జరిపేకొద్దీ ఇది పెరుగుతుంది.

నా అంకె చూసి, పలకలో మెరుపుని సిగ్నల్ చేసే ఫోటోమల్టిప్లయర్ వోల్టేజీ పెంచుతూ పోయినవాళ్లుంటే వెనక్కి తగ్గించండి, మీరు లెక్కబెడుతున్నది నాయిస్ (మ్యూయాన్లు కాని ఉత్తుత్తి సిగ్నళ్లు) కావచ్చు. పలకలకి చుట్టిన నల్ల టేపు అంచుల్లోంచి వెలుతురు దూరుతోందేమో కూడా టార్చి వేసి చూడండి.

ఎఫిషియెన్సీకి (డిటెక్టర్ తనలోంచి వెళ్లిన మ్యూయాన్లలో ఎంత వంతు పట్టుకుంటుందో దానికి) వచ్చిన లెక్కని ఆ 100తో భాగించమని నేను చెప్పలేదు, కొందరు అలా చదివారు. రెండు పలకల మధ్యలో పెట్టిన, పరీక్షించాల్సిన డిటెక్టర్‌తో సహా మూడింట్లో వచ్చిన వాటిని, పైదీ కిందదీ మాత్రమే చూస్తే వచ్చిన వాటితో భాగించాలి. మధ్యది కాస్త పెద్దదిగా ఉంటే మంచిది, లేకపోతే పక్కనుంచి జారిపోయిన మ్యూయాన్లు కూడా దాని లోపం కిందే లెక్కకొస్తాయి.