‘గెలిచినా కోర్టు చూసుకుంటుంది’ అన్న మెసేజ్‌ను నమ్మకండి

ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఒక మెసేజ్ వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: "కుంభకోణంలో ఇరుక్కున్న అభ్యర్థి గెలిచినా టెన్షన్ పడొద్దు. కేసు ఉంటే ఎన్నికల సంఘం ఫలితం ఆపేస్తుంది. సభలో ప్రమాణం చేయనివ్వరు. నోటాకు ఎక్కువ ఓట్లొస్తే మళ్లీ ఎన్నిక పెడతారు. కోర్టుకెళ్తే సీటు రెండో స్థానంలో ఉన్నవారికి ఇస్తారు." బాగా చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్మి నలుగురికీ పంపుతున్నారు. ఇందులో దాదాపు ఏదీ రాసినట్టుగా జరగదు. పోలింగుకు ముందే అడగాల్సిన ప్రశ్నలను ‘తర్వాత చూసుకోవచ్చులే’ అని పక్కన పెట్టిస్తుంది కాబట్టి దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు.

ముందు కేసు సంగతి. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 8 ప్రకారం కేసు ఉన్నంత మాత్రాన, ఛార్జిషీటు పడినంత మాత్రాన ఎవరూ అనర్హులు కారు. నేరం రుజువై, మామూలుగా కనీసం రెండేళ్ల జైలుశిక్ష పడాలి. అవినీతి నిరోధక చట్టం వంటి కొన్నిటి కింద దోషిగా తేలితే మాత్రం శిక్ష ఎంతన్నదానితో పనిలేదు. ఛార్జిషీటు దశలోనే పోటీ చేయకుండా ఆపమని అడిగితే, 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ పని తాము చేయలేమని, పార్లమెంటే చట్టం చేయాలని చెప్పింది. శిక్ష పడ్డాక కూడా దోష నిర్ధారణపై పైకోర్టు స్టే ఇస్తే అనర్హత తొలగిపోతుంది. 2023లో రాహుల్ గాంధీ సభ్యత్వం మార్చిలో పోయి ఆగస్టులో తిరిగొచ్చింది ఇలాగే.

ఎన్నికల సంఘానికి ఎన్నికను రద్దు చేసే అధికారం లేదా అంటే, ఉంది. చెన్నై ఆర్‌కే నగర్ ఉప ఎన్నికను 2017 ఏప్రిల్లో డబ్బు పంపిణీ ఫిర్యాదులతో రద్దు చేసింది. కానీ అది పోలింగుకు ముందు మాట, రద్దయింది పోలింగే. పోటీదారుల అర్హత చెక్కు చెదరలేదు. ఏప్రిల్లో బరిలో ఉన్న దినకరనే డిసెంబరులో మళ్లీ పోటీ చేసి గెలిచారు.

ప్రమాణం చేయనివ్వరన్నది పూర్తిగా తప్పు. 2024లో ఇంజినీర్ రషీద్, అమృత్‌పాల్ సింగ్ జైల్లో ఉంటూనే లోక్‌సభకు గెలిచారు. జులై 5న ఒకరిని తిహార్ నుంచి, మరొకరిని దిబ్రూగఢ్ నుంచి తీసుకొచ్చి ప్రమాణం చేయించారు. తర్వాత మళ్లీ జైలుకే పంపారు. సభ్యుణ్ణి బహిష్కరించే అధికారం సభకుంది. ప్రశ్నలడగడానికి డబ్బు తీసుకున్నారని 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను పంపించేశారు, సుప్రీంకోర్టు 2007లో దాన్ని సమర్థించింది. అయితే దానికి సభలో మెజారిటీ కావాలి. బహిష్కరణకు గురైనవారు మళ్లీ పోటీ చేయొచ్చు కూడా.

నోటా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లొచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలిచినట్టు. మళ్లీ ఎన్నిక పెట్టే నిబంధన హర్యానా, మహారాష్ట్ర వంటి చోట్ల స్థానిక సంస్థలకు తెచ్చారు. మెసేజ్ రాసినవాళ్లు ఈ రెంటినీ కలిపేశారు.

మెసేజ్‌లో కాస్త నిజం ఉన్నది కోర్టు విషయంలోనే. కొత్తగూడెం శాసనసభ స్థానం చూడండి. 2018 డిసెంబరులో వనమా వెంకటేశ్వరరావు గెలిచారు. నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం (అఫిడవిట్)లో ఆస్తుల వివరాలు దాచారని, రెండో స్థానంలో నిలిచిన జలగం వెంకట్రావు ఆ ఎన్నిక చెల్లదంటూ హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేశారు. తెలంగాణ హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదని, జలగమే ఎన్నికైనట్టని తీర్పు ఇచ్చింది. ఎప్పుడు? 2023 జులైలో. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, ఏడాది ముగిసేలోపు ఆ శాసనసభే రద్దయింది. పిటిషన్‌ను ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆచరణలో అయిదేళ్ల పదవీకాలం దాదాపు కరిగిపోయింది.

ఇంకో ముఖ్యమైన విషయం చాలామంది గమనించరు. పిటిషన్‌లో కోర్టు చూసేది కుంభకోణం జరిగిందా లేదా అని కాదు. నామినేషన్ చెల్లుతుందా, డబ్బు పంచారా, కేసులు, ఆస్తులు దాచారా వంటివే చూస్తుంది. క్రిమినల్ కేసులు దాచడం, ఎన్నికను రద్దు చేయించగల ‘అవినీతి చర్య’ కిందికే వస్తుందని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నీ నిజాయితీగా రాసి ఇచ్చిన అభ్యర్థి మీద ఆ ఆయుధం పనిచేయదు. నామినేషన్ అయ్యాక బయటపడ్డ వ్యవహారానికైతే దాచారనడానికే వీల్లేదు. కర్ణాటకలోని హాసన్‌లో అప్పటి ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణ విషయమే తీసుకోండి. 2024 ఏప్రిల్ 26న పోలింగ్, ఆ తర్వాత లైంగిక దాడుల ఆరోపణలపై పార్టీ సస్పెండ్ చేసింది. సస్పెన్షన్‌తో సీటు పోదు. జూన్‌లో ఆయన ఓడిపోయారు కాబట్టి సరిపోయింది. గెలిచి ఉంటే, 2025 ఆగస్టులో అత్యాచార కేసులో శిక్ష పడేదాకా అనర్హత ప్రశ్నే వచ్చేది కాదు.

కాబట్టి చేయగలిగినదంతా ముందే ఉంది. నామినేషన్ పడగానే ఫారం 26 అఫిడవిట్ ఎన్నికల సంఘం సైట్‌లో పెడతారు. అందులో కేసుల పేజీ చదవండి. తప్పుంటే ఆధారాలతో రిటర్నింగ్ అధికారికి కౌంటర్ అఫిడవిట్ ఇవ్వొచ్చు. దాచినట్టు, అబద్ధం రాసినట్టు రుజువైతే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 125ఎ కింద ఆరు నెలల దాకా జైలు. కేసులున్నవారికి టికెట్ ఎందుకిచ్చారో అభ్యర్థిని ఎంపిక చేసిన 48 గంటల్లో పార్టీ ప్రకటించాలి, ‘గెలుస్తారు కాబట్టి’ అంటే కుదరదు. ఈ విషయంలోనే 2021లో సుప్రీంకోర్టు ఎనిమిది పార్టీలకు జరిమానా వేసింది. మీ ఊళ్లో ఓటు అడగడానికి వచ్చిన పార్టీ కార్యకర్తను ఆ ప్రకటన చూపించమని అడగండి. ఫలితం వచ్చాక ఎలక్షన్ పిటిషన్ వేయాలనుకుంటే ఆ నియోజకవర్గంలో ఓటరైతే చాలు, గడువు మాత్రం 45 రోజులే.