'వాస్తవం' అని అచ్చువేసిన ఆ పేజీ

2006లో మహబూబ్‌నగర్‌లో మాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్ ఇంటికి వెళితే బల్ల మీద 'ద డావిన్సీ కోడ్' నవల కనిపించింది. యేసు తన శిష్యురాలు మగ్దలేనే మరియను పెళ్లాడాడనీ, ఆ సంగతిని చర్చి దాచిపెట్టిందనీ చెప్పే థ్రిల్లర్ అది. సార్‌ది ఎంబీ (మెన్నొనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ) చర్చి కుటుంబం. ఆయన ఆదివారం ఆరాధన మానడం నేనెప్పుడూ చూడలేదు. పుస్తకం తిరగేస్తే మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు: బైబిల్ అధ్యాయాలు, వచనాల నంబర్లు, ప్రశ్నార్థకాలు. "ఇంత బాధ పెట్టిన పుస్తకాన్ని పక్కన పడేయొచ్చు కద సార్" అన్నాను. "పడేస్తే ఏం తప్పు రాసిండో ఎట్ల తెలుస్తది? రెండుసార్లు చదివిన" అన్నారు.

ఆ జూన్‌లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నవల ఆధారంగా తీసిన సినిమాను నిషేధించింది. క్రైస్తవ సంఘాలతో పాటు ముస్లిం సంఘాలూ అభ్యంతరం చెప్పాయి. యేసు ఇస్లాంలోనూ ఈసా పేరుతో ప్రవక్తే. సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిన సినిమాను అలా ఆపడం చెల్లదంటూ హైకోర్టు అదే నెలలో ఆ ఉత్తర్వును కొట్టేసింది.

నిషేధం తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ నిషేధాన్ని వ్యతిరేకించిన మాలాంటివాళ్లం ఇంకో తప్పు చేశాం. నొచ్చుకున్న పాఠకులతో "నవలే కదా, కల్పనని తెలియదా" అంటూ వాదించాం. ఈ నవల విషయంలో ఆ వాదన నిలవదు. కథ మొదలుకాకముందే 'వాస్తవం' అని శీర్షిక పెట్టి, ప్రయరీ ఆఫ్ సియోన్ అనే రహస్య సంఘం 1099లో పుట్టిందనీ, తన పుస్తకంలోని కళాఖండాలు, కట్టడాలు, పత్రాలు, రహస్య కర్మకాండల వర్ణనలన్నీ కచ్చితమైనవేననీ డాన్ బ్రౌన్ ప్రకటించాడు. ఆ పేరుతో పియేర్ ప్లాంటార్ అనే ఫ్రెంచివాడు సంఘాన్ని రిజిస్టర్ చేయించింది 1956లో. దానికి వందల ఏళ్ల చరిత్ర ఉందని చూపిన పత్రాలు, పారిస్ జాతీయ గ్రంథాలయంలోకి చేర్చిన దొంగ కాగితాలు. కల్పన రాసే హక్కు రచయితకు ఉంది. కల్పనను వాస్తవమని చెప్పి అమ్మితే, దాన్ని వాస్తవంగానే పరీక్షించే హక్కు పాఠకుడికీ ఉంది.

సార్ చేసింది ఆ పరీక్షే. 325లో నిసియాలో జరిగిన బిషప్పుల మహాసభ యేసు దైవత్వాన్ని ఓటుకు పెట్టి స్వల్ప తేడాతో నెగ్గించిందని నవలలో పండితుడు చెబుతాడు. అక్కడ జరిగిన వాదం తండ్రి, కుమారుడు ఒకే స్వభావం గలవారా కాదా అన్నది. యేసును ప్రభువుగా ఆరాధించడం అంతకు రెండు శతాబ్దాల ముందు నుంచే ఉంది. రెండు వందలకు పైగా బిషప్పులు కూడిన ఆ సభలో చివరిదాకా ఒప్పుకోనివాళ్లు ఇద్దరే. ఇక బైబిల్లో లేని ఫిలిప్పు సువార్త. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర దొరికిన ప్రతుల్లో అదొకటి. అందులో మగ్దలేనే మరియను యేసు 'సహచరి' అన్నారు, అరమాయిక్ భాషలో ఆ మాటకు భార్య అనే అర్థమంటాడు పండితుడు. దొరికిన ప్రతి ఉన్నది పాత ఈజిప్టు భాష కాప్టిక్‌లో. ఆ పదం వచ్చింది గ్రీకు నుంచి. యేసు ఆమెను ముద్దుపెట్టుకునేవాడన్న వాక్యంలో, ఎక్కడ అన్న మాట ఉండాల్సిన చోటే ప్రతి శిథిలమైంది. నవల ఆ ఖాళీని పూడ్చేసి, పూడ్చిన సంగతి పాఠకుడికి చెప్పలేదు.

థ్రిల్లర్‌లో ఇదంతా ఎందుకు నమ్మబుద్ధేస్తుందంటే, అనుమానించే తీరిక పాఠకుడికి దొరకదు. మూడు నాలుగు పేజీలకో అధ్యాయం, వెనక తరుముకొచ్చే పోలీసులు, ముందు విప్పాల్సిన చిక్కుముడి. ఊపిరి పీల్చుకునే ఒక్కచోట పండితుడు పాఠం మొదలుపెడతాడు. లూవ్ర్ మ్యూజియం నిజం, సెయింట్ సల్పీస్ చర్చి నిజం. వాటి పక్కన కూర్చోబెట్టిన అబద్ధానికి కూడా ఆ పరపతి అంటుకుంటుంది.

యూరప్‌లో చర్చి అంటే రాజులను వంచిన అధికారం. అలాంటి సంస్థ ఏదో దాచిందని అనుమానించడం అక్కడ బలవంతుణ్ణి నిలదీయడమే. అదే పుస్తకం దేవరకొండకో, నాగర్‌కర్నూల్‌కో, వనపర్తికో వచ్చేసరికి దెబ్బ తగిలే మనిషి మారిపోతాడు. ఈ ప్రాంతానికి వచ్చిన బాప్టిస్టు, మెన్నొనైట్ మిషన్లను ఎక్కువగా నమ్ముకున్నది మాల, మాదిగ కుటుంబాలు. బడి గడప తొక్కనివ్వని రోజుల్లో చాలా ఇళ్లలోకి వచ్చిన మొదటి పుస్తకం తెలుగు బైబిల్. సార్ వాళ్లమ్మ దాని మీద వేలు పెట్టే అక్షరాలు కూడబలుక్కుందట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, క్రైస్తవులమని కాగితం మీద రాసుకుంటే ఎస్సీ హోదా కూడా ఉండదు. అంత మూల్యం చెల్లించి నమ్ముకున్న పుస్తకాన్ని, ఈ నవలలోలా, రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ అవసరం కోసం అల్లారని ఎవరైనా ఆధారం లేకుండా అంటే, ఆ మాట వాటికన్‌కు తగలదు. ఆ తల్లికి తగులుతుంది.

ఆ రోజుల్లో నన్ను ఇంకా కలవరపెట్టింది కొందరు ఇతర పాఠకుల సంబరం. పక్కవాడి దేవుడి మీద రాశాడు కాబట్టి "ధైర్యం ఉన్నోడు" అన్నారు. యాదగిరిగుట్ట మీదో, జాన్‌పహాడ్ దర్గా మీదో ఇదే పద్ధతిలో 'వాస్తవం' పేజీ పెట్టి రాస్తే వాళ్లెంత ఓర్చుకునేవాళ్లో నాకు అనుమానమే. పుస్తకాన్ని సమర్థించే ముందు ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్న అది.

అయితే నొచ్చుకున్నవాళ్ల పక్షాన ఇంత మాట్లాడుతున్న నేను పోలీస్ స్టేషన్ దారిని ఒప్పుకోను. ఉద్దేశపూర్వకంగా, ద్వేషంతో మతభావాలను కించపరిస్తే శిక్ష అనే 295ఏ సెక్షన్ భారత శిక్షాస్మృతిలోకి 1927లో వచ్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299. కేసు పెట్టడానికి పుస్తకం చదవక్కర్లేదు. జవాబు రాయాలంటే చదివి తీరాలి. జవాబు రాయడం ఈ నేలకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాస్తే, గద్వాల ప్రాంతం నుంచి వెళ్లి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. అది మతానికి జరిగిన అవమానం కాదు, నిజమే. కానీ అవమానపడ్డ మనిషి ఎంత ఓపికగా, ఎంత బరువైన జవాబు ఇవ్వగలడో అందులో కనిపిస్తుంది.

2006లో ధర్నాలకూ నిషేధానికీ పత్రికల్లో చోటు దొరికింది. సార్ పెన్సిల్ రాతల్లాంటివాటికి దొరకలేదు. వాటిని వ్యాసంగా రాయమని నేనైనా అడగాల్సింది. అడగలేదు.

ఆయన ఇప్పుడు లేరు. పుస్తకం నా దగ్గరే ఉంది. మగ్దలేనే మరియను వేశ్య అని సువార్తల్లో ఎక్కడా అనలేదనీ, ఆ ముద్ర చర్చి వేసిందేననీ నవల అంటుంది. అందులో సగం కచ్చితంగా నిజం: సువార్తల్లో ఆ మాట లేదు. 591లో పోప్ గ్రెగరీ ఒక ప్రసంగంలో ఆమెనూ లూకా సువార్తలోని పేరులేని పాపాత్మురాలినీ ఒక్కరిగా కలిపేశాడు. ఆ పేజీలో మాత్రం సార్ ప్రశ్నార్థకం పెట్టలేదు. మరియ పేరు వచ్చే వచనం, లూకా 8:2 అని రాసుకుని, దాని కింద ఇంకో వరుస రాశారు: "ఇది సరిగ్గనే చెప్పిండు. పాస్టర్ గారిని అడగాలె."