మూడు మంచాలు, 16 ఆంపియర్లు

అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో త్రీ షేరింగ్ గదికి మంచాలు మూడు, ప్లగ్గులు రెండున్నర. ఆ అర ప్లగ్గు వదులు, కాగితం మడిచి దోపితే పనిచేస్తుంది. ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపేసే స్విచ్, మాత్రం ఒక్కటే, 16 ఆంపియర్లది. 230 వోల్టులతో హెచ్చవేస్తే 3680 వాట్లు. ముగ్గురి సుఖసంతోషాలూ అందులోనే సర్దుకోవాలి.

శనివారం పొద్దున పది. కిటికీ మంచం అమ్మాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. పైన ఫార్మల్ షర్టు, కింద నైట్ ప్యాంటు. ల్యాప్‌టాప్‌కి 65 వాట్లు, వైఫై రూటరుకి ఓ పది. కెరీర్ కరెంటు పెద్దగా తాగదు.

మధ్య మంచానిది స్నేహం. ఇంటర్వ్యూ పిల్ల ఏమీ తినలేదని సూట్‌కేసులోంచి ఇండక్షన్ స్టవ్ తీసింది. ‘రూముల్లో వంట నిషేధం’ అని బోర్డున్న చోట స్టవ్వులు సూట్‌కేసుల్లోనే కాపురముంటాయి. 1800 వాట్లు. అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె ఉండాలి. మామూలు అల్యూమినియం గిన్నె పెడితే కుయ్‌కుయ్‌మని మొరాయిస్తుంది. పోపు వేసి, ఉల్లిపాయలు మగ్గించి, వేయించిన సేమ్యా గ్లాసుకి గ్లాసున్నర నీళ్ళు పోసింది.

తలుపు మంచానిది ప్రేమ. అతను పదకొండున్నరకి మెట్రో స్టేషన్ కింద నిలబడతానన్నాడు. తలస్నానానికి గీజర్ 2000, జుట్టుకి డ్రయ్యర్ 1200, కాటన్ కుర్తీకి ఐరన్ బాక్స్ 1000. వెరసి 4200. ప్రేమ ఒక్కటే ఎంసీబీని దాటేసింది!

గీజర్‌కి విడిగా లైను లాగాలి. లాగితే ఓనరు ఎందుకవుతాడు? 15 లీటర్ల గీజర్ వేడెక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. స్నానం అయ్యాక ఆపకపోతే చన్నీళ్ళు నింపుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. ప్రేమలో ఉన్నవాళ్ళకి ఆ స్విచ్ కనబడదు.

గీజర్, స్టవ్ కలిస్తే 16.5 ఆంపియర్లు. ఎంసీబీ ఓర్చుకుంది. డ్రయ్యర్ తోడైతే 22. అయినా వెంటనే పడలేదు, లోపలి రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగాలి కదా. ఐరన్ బాక్స్ కూడా పెట్టేసరికి 26 దాటింది. అప్పుడే ఇంటర్వ్యూలో ‘లోడ్ బ్యాలెన్సింగ్’ గురించి అడిగారు. అమ్మాయి గొంతు సవరించుకుని, “ఒకే సర్వర్ మీద భారమంతా పడకుండా...” అంది.

టక్.

ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, రూటరుకి లేదు. అవతలివాళ్ళ తెరమీద ఒక కన్ను మూసిన మొహం అలాగే బిగుసుకుపోయింది.

“గీజర్ ఎవరు ఆపలేదే?”

“ముందు నీ స్టవ్ దాచవే, ఆంటీ వస్తోంది!”

ఎంసీబీ పెట్టె వరండాలో, వార్డెన్ ఆంటీ గది పక్కన. మధ్య మంచం పరిగెత్తి మీట పైకి నెట్టింది, వెంటనే పడింది. ముందు ప్లగ్గులన్నీ పీకాలి, పట్టీ చల్లారడానికి రెండు మూడు నిమిషాలాగాలి, మీటని కిందికి పూర్తిగా నొక్కి అప్పుడు పైకెత్తాలి. ఆ తర్వాత రూటరు లేవడానికి మరో రెండు నిమిషాలు. అందాకా ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. దాంతోనే ఇంటర్వ్యూ గట్టెక్కింది. ప్రేమ సగం తడి జుట్టుకి క్లిప్పు పెట్టి, ఒక చెయ్యి మాత్రమే ఇస్త్రీ అయిన కుర్తీతో బయల్దేరింది. మరుగు ఆగిన నీళ్ళలో నానిన సేమ్యా విడివిడిగా ఉంటుందా? గిన్నె బోర్లిస్తే ఇటుకలా ఒకే ముక్కగా దిగింది.

ఆంటీ తలుపు దగ్గరే ఆగి గాలి పీల్చింది. సూట్‌కేసు వంక చూసింది.

“పోపులో ఇంగువ వెయ్యలేదేంటే?”