గోడ మీది చీటీ గారికి

మహారాజశ్రీ పసుపు చీటీ గారికి,

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఆఫీసు నాలుగో అంతస్తులో పనిచేసే ఒక ఉద్యోగి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మాత్రం క్రితం నెల ఒక సాయంత్రం ఏసీ గాలికి గోడ మీంచి ఊడి కింద పడ్డారని తెలిసి మనసు కలుక్కుమంది.

మర్యాదలు చాలు, ఇక నువ్వనే పిలుస్తాను. నెలకోసారి ముఖాముఖాలు చూసుకునేవాళ్ళమే కదా.

మా ఊళ్ళో చీటీ అంటే నెలనెలా కట్టేది. పాట ఉంటుంది, పాడుకున్నవాడు డబ్బు తీసుకుంటాడు. అప్పుడప్పుడు నడిపేవాడే రాత్రికి రాత్రి ఊరొదిలి పోతాడు. నీ దగ్గరా ఇంచుమించు అదే వ్యవహారం. అందరం నీ మీద తలా ఒక ఆలోచన రాసి, గోడకు అంటించి కడతాం. ఎవరు పాడుకున్నారో క్వార్టర్ చివర్లో పెద్దాయన స్లైడులో చూసి తెలుసుకుంటాం.

ప్రతి నెలా మొదటి గురువారం మూడు నుంచి ఐదు వరకు మాకు సృజనాత్మకత ఉంటుంది. టైమ్‌షీట్‌లో దానికి ప్రత్యేకంగా కోడ్ కూడా ఉంది, నెలకు రెండు గంటలు. మూడో గంటలో ఆలోచన వస్తే మేనేజర్ అప్రూవల్ కావాలి. ఆ గదిలో కుర్చీలుండవు, బీన్ బ్యాగులే. అందులో కూలబడ్డాక లేవాలంటే ఇద్దరు చెయ్యందించాలి. మొదటి స్లైడు ఎప్పుడూ ఒకటే: ప్రపంచ ఆర్థిక వేదిక 2023 నివేదికలో, కంపెనీలు ముఖ్యమన్న నైపుణ్యాల్లో సృజనాత్మక ఆలోచనది రెండో స్థానం. 2025 నివేదికలో అది నాలుగో స్థానానికి దిగింది. మా స్లైడుకు ఆ కబురింకా అందలేదు.

తర్వాత 'తప్పు ఆలోచన అంటూ లేదు, ఎవరూ ఎవర్నీ విమర్శించొద్దు' అని చెప్తారు. అలెక్స్ ఆస్‌బర్న్ అనే అమెరికా ప్రకటనల కంపెనీ పెద్దమనిషి 1940ల్లో పెట్టిన నియమమది. 1958లోనే యేల్ యూనివర్సిటీలో దాన్ని పరీక్షించి చూశారు. నలుగురిని ఒకచోట కూర్చోబెడితే వచ్చినవాటికంటే, విడివిడిగా ఆలోచించిన నలుగురివి కలిపితేనే ఎక్కువ ఆలోచనలు తేలాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి, ఆగేలోపు తట్టింది కాస్తా జారిపోతుందని తర్వాతివాళ్ళు చెప్పారు. మా గదిలో ఆ ఒకరు ఎప్పుడూ మేనేజరే. కాబట్టి మాకు జారిపోయిందేమీ లేదు, మేమే మింగేస్తాం.

క్రితం నెల గురువారం విషయం: కాఫీ మెషిన్ దగ్గర రద్దీ తగ్గించడం ఎలా. గోడంతా నీ వాళ్ళే. చదువుతూ పోతే ఆరు చీటీల మీద ఒకే మాట, 'గేమిఫికేషన్'. అంటే పనిని పాయింట్లు, బహుమతుల ఆటలా మార్చడం. స్పెల్లింగుతో సహా ఒకటే. ఆరుగురూ బల్లకింద ఫోన్ పెట్టుకుని అదే ఏఐని అడిగారు మరి. నాకెలా తెలుసంటావా? ఆరింట్లో ఒకటి నాదే.

నీ పుట్టుక గుర్తుందా? 1968లో 3ఎం అనే అమెరికా కంపెనీలో శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తే, అంటీ ముట్టనట్టుండే జిగురు తయారైంది. ఎందుకు పనికొస్తుందో ఏళ్ళ తరబడి ఎవరికీ తోచలేదు. 1974లో అదే కంపెనీ మనిషి ఆర్ట్ ఫ్రైకి చర్చిలో పాటల పుస్తకంలో గుర్తు పెట్టుకున్న కాగితాలు జారిపోతుంటే ఒళ్ళు మండి, ఆ జిగురు గుర్తొచ్చింది. నువ్వు 'పోస్ట్-ఇట్' పేరుతో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చేసరికి 1980. పన్నెండేళ్ళు! రెండు వారాల్లో పని తేల్చెయ్యాలనే మా స్ప్రింట్‌లో పడి ఉంటే, 'జిగురు సరిగా అంటుకోవడం లేదు' అని నీ మీద బగ్, అంటే లోపం, రాసి, శుక్రవారంలోపు క్లోజ్ చేసేవాళ్ళం.

ఈ ఊరికి మాత్రం ఆలోచన కొత్తా? 1981లో ఇస్రో వాళ్ళు 'ఆపిల్' అనే సమాచార ఉపగ్రహం యాంటెన్నా పరీక్షకు లోహపు వాహనం అడ్డొస్తుందని, ఎద్దుల బండి మాట్లాడుకుని దానిమీద పెట్టారు. ఆ ఎద్దులకు ఎవరూ బీన్ బ్యాగులు వేయలేదు.

అసలు సంగతికొస్తా. ఆ సాయంత్రం అందరూ క్యాబులకు పరిగెత్తాక, హౌస్‌కీపింగ్ అక్క కిందపడ్డ మీవాళ్ళను ఏరుతోంది. హిందూపురం వైపు ఆవిడ.

"సార్, ఇవి పారేయాల్నా, ఉంచాల్నా?"

నాకూ తెలీదు. "ఉంచక్కా" అన్నాను. ఆవిడ రాతలున్నవన్నీ నా చేతిలో పెట్టి, రాయని చీటీ ఒకటి చెంగున ముడేసుకుంది.

మర్నాడు పదకొండింటికి మూడో అంతస్తు లిఫ్టు పక్కన నువ్వు కనిపించావు. నీ మీద పాల ప్యాకెట్ బొమ్మ, దానికి అడ్డంగా గీత, పక్కన పైకి ఒక బాణం, 5 అంకె. మూడో అంతస్తులో మెషిన్ లేదు, వాళ్ళంతా మా నాలుగుకు వస్తారు, పదకొండుకల్లా మా పాలు అయిపోతాయి, ఐదో అంతస్తు మెషిన్ ఖాళీగా పడుంటుంది. పాలు పోసేది అక్కే కాబట్టి ఇదంతా ఆవిడకు తెలుసు. గోడ నిండా చీటీలు అంటించిన మాలో ఒక్కరూ ఆవిడను అడగలేదు. ఆ రోజు మా మెషిన్ దగ్గర నలుగురే ఉన్నారు.

ఆవిడ అప్రైజల్ ఫారంలో 'క్రియేటివ్ థింకింగ్' అనే గడి లేదు. అసలు ఫారమే లేదు, కాంట్రాక్టరు మనిషి.

బొమ్మ రోజూ మార్చాలి, ఇంకో నాలుగు చీటీలు దొరుకుతాయా అని అడిగింది. అడిగి చూశాను. అవి ఇన్నోవేషన్ బడ్జెట్‌లో కొన్నవట, ఆ గది దాటి బయటకు పోకూడదట. అందుకే ఈ గురువారం గదిలోంచి వస్తూ ఒక కట్ట చొక్కాలో దోపుకొచ్చి, పంచదార డబ్బా వెనక పెట్టాను. నీ పిల్లల్ని ఎత్తుకొచ్చానని కోపగించుకోకు.

ఇట్లు,
గేమిఫికేషన్ అని రాసిన ఆరుగురిలో ఒకడు

తా.క.: ఇప్పుడే చూశాను, బాణం పక్కన 5 పోయి 4 వచ్చింది. మన అంతస్తులో పాలు వచ్చినట్టున్నాయి.