అల్యూమినియం విషమట, పటిక మాత్రం అమృతమట

మా ఫ్యామిలీ గ్రూపులోకి ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా పిన్ని. అందులో ఉన్నది ఇదీ: చెమటతో ఒంట్లో విషాలు పోతాయి, ఆపకూడదు. అరచేతులకు చెమట పడితే నరాల బలహీనత. చెమట తగ్గించే రోల్-ఆన్‌లలో అల్యూమినియం ఉంటుంది, దాంతో రొమ్ము క్యాన్సర్ వస్తుంది. వాటి బదులు పటిక రాసుకోండి.

పిన్ని మీద కోపం లేదు. టెన్త్ పరీక్షల్లో నేను అరచేతి కింద కర్చీఫ్ పరుచుకుని రాసిన సంగతి ఆవిడకు తెలుసు. నా కోసమే పంపింది.

ముందు ఆ చివరి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. పటిక అంటే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే తెల్లరాయి అదే. అంటే, అల్యూమినియం విషం కాబట్టి మానేసి అల్యూమినియమే రాసుకోమంటున్నారు! పటికతో కొందరికి కాస్త తగ్గుతుంది కూడా. రోల్-ఆన్‌ పనిచేసేదీ దాదాపు అలాగే. ఆ లవణం చెమట రంధ్రం మొదట్లో బిరడాలా పట్టుకుంటుంది, చర్మం పైపొర రాలినప్పుడు అదీ పోతుంది. ఎక్కువ చెమటకు డాక్టర్లు సాధారణంగా 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ రాస్తారు. రాత్రి పడుకునే ముందు, చర్మం పూర్తిగా ఆరాక రాసుకుని, పొద్దున కడిగేయాలి. తడి మీద రాస్తే మంట పుడుతుంది. చాలామంది ఆ మంటకే రెండో రోజు మానేసి, మందు పనిచేయలేదంటారు.

ఇక క్యాన్సర్. చెమట ఆపితే ఆ విషం చంకలోని లింఫ్ గ్రంథుల్లో చేరుతుందని ఫార్వర్డ్ వాదన. చెమట గ్రంథులకూ లింఫ్ గ్రంథులకూ మధ్య అసలు గొట్టమే లేదు. 2002లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 813 మందిని, రాని 793 మందిని పోల్చి చూశారు. రోల్-ఆన్‌ల లాంటి వాటి వాడకానికీ జబ్బుకూ సంబంధం కనిపించలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే వాడాలి.

విషాల మాటా అంతే. చెమట దాదాపు నీళ్లే, కొంచెం ఉప్పు. వ్యర్థాల సంగతి చూసుకోవడానికి కాలేయం, కిడ్నీలు ఉన్నాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ‘నరాల బలహీనత’ అన్న మాట. గోడల మీద ప్రకటనల్లో చూసి చూసి, నాకూ అదేనేమో అని చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను. నిజానికి ఇక్కడ నరాలు బలహీనపడలేదు, అతిగా పనిచేస్తున్నాయి. గ్రంథులు అందరికీ ఉన్నట్టే ఉంటాయి. వాటికి వెళ్లే సంకేతమే అవసరానికి మించి వెళ్తుంది. దీన్ని హైపర్‌హైడ్రోసిస్ అంటారు. సాధారణంగా చిన్నప్పుడో టీనేజీలోనో మొదలై, రెండు చేతులకూ ఒకేలా పడుతుంది. ఇంట్లో ఇంకొకరికీ ఉండటం మామూలే. టెన్షన్ దాన్ని పెంచుతుంది గానీ, పుట్టించేది టెన్షన్ ఒక్కటే కాదు. నిద్రపోతే చేతులు పొడిగా ఉంటాయి. స్కిన్ డాక్టర్ నన్ను మొదట అడిగిందీ అదే.

అరచేతులకు నాకు పనికొచ్చింది అయాంటోఫొరెసిస్. పేరు పెద్దది గానీ, వస్తువు రెండు ప్లాస్టిక్ ట్రేలు, కుళాయి నీళ్లు, సన్నటి కరెంటు. చేతులు ముంచి ఇరవై నిమిషాలు కూర్చోవాలి, మొదట్లో వారానికి మూడు సార్లు. చీమలు పాకినట్టు ఉంటుంది. వేలికి ఎక్కడైనా గీరుకుని ఉంటే అక్కడ వ్యాజలీన్ రాయాలి, లేదంటే చురుక్కుమంటుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఇది పనికిరాదు. చంకలకైతే బొటాక్స్ ఇంజెక్షన్ ఉంది, కొన్ని నెలలు పనిచేస్తుంది, ఖర్చు ఎక్కువ. మాత్రలూ ఉన్నాయి, నోరు ఎండిపోతుంది. వాటితో ఒళ్లంతా చెమట తగ్గుతుంది కాబట్టి మన మే నెల ఎండల్లో జాగ్రత్త. ఛాతీలో నరం కత్తిరించే ఆపరేషన్‌కు మాత్రం తొందరపడొద్దు. చేతులు ఆరతాయి, కానీ చాలామందికి వీపు, పొట్ట, తొడల మీద కొత్తగా చెమట మొదలవుతుంది.

‘ఆపకూడదు’ అన్న మాట ప్రమాదకరమయ్యేది వేరే చోట. రాత్రి దుప్పటి తడిసేంత చెమట, జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ లాంటివి ఉన్నాయేమో చూడాలి. చెమటతో పాటు గుండె దడ, చేతుల వణుకు, సన్నబడటం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు చెమటలు పట్టి వణుకు వస్తే షుగర్ పడిపోయి ఉండొచ్చు, వెంటనే తీపి ఇవ్వాలి. ఛాతీలో నొప్పితో చల్లటి చెమటలు పడితే, విషం పోతోందని ఫ్యాను కింద కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.