వెనక టైరు ఎంత వెడల్పైతే అంత గ్రిప్పు అన్న వాదనకు ఖండన

తిరుపతి బైకు మిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. స్పోర్ట్స్ బైకుకు కంపెనీ ఇచ్చిన 140 మిల్లీమీటర్ల వెడల్పు వెనక టైరు తీసేసి 160ది వేయిస్తే నేలకు ఆనే రబ్బరు పెరుగుతుందనీ, తిరుమల ఘాట్ మలుపుల్లో బండి జారదనీ, బ్రేకు వెంటనే పడుతుందనీ, కంపెనీలు డబ్బు మిగుల్చుకోవడానికే సన్న టైరు వేస్తున్నాయనీ దాని సారాంశం.

మొదటి మాటే లెక్కకు నిలవదు. వెనక చక్రం మీద 100 కిలోల బరువు పడుతూ, టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు, అంటే సుమారు 28 పీఎస్ఐ ఉంటే, నేలకు ఆనే రబ్బరు దాదాపు 50 చదరపు సెంటీమీటర్లు. టైరు గట్టిదనాన్ని బట్టి కాస్త తేడా ఉన్నా, వెడల్పు పెరిగినప్పుడు ఆ ముక్క పొడవు తగ్గుతుందే తప్ప వైశాల్యం చెప్పుకోదగ్గంత పెరగదు. అదే వెడల్పులో మెత్తని రబ్బరున్న మంచి టైరు కొంటే గ్రిప్పు నిజంగానే పెరుగుతుంది.

ఘాట్ సంగతికి వస్తే, చూడవలసింది టైరు కంటే ముందు రిమ్ము. 160/60-17 టైరుకు, అంటే 160 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 60 శాతం ఎత్తు ఉండి 17 అంగుళాల చక్రానికి పట్టే టైరుకు, తగిన రిమ్ము నాలుగున్నర అంగుళాల వెడల్పుది; మన వీధుల్లో తిరిగే 390 సీసీ బండ్లకే ఉన్నది 4 అంగుళాల రిమ్ము, దానికి కంపెనీ ఇచ్చింది 150/60. ఇరుకు రిమ్ములో ఇరికించిన టైరు రెండు పక్కలా లోపలికి లాగబడి, నడినెత్తి కోసుగా లేస్తుంది. వెడల్పు టైరు మాట నమ్మి ఒకప్పుడు నేనూ నా 4 అంగుళాల రిమ్ముకు 160 వేయించాను. రెండు నెలలకు నడిమి గాడులు అరిగాయి గానీ, అంచుల్లో కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు అలాగే నిలిచి ఉన్నాయి. ఎడమ పక్కన చైను రాసుకుని అగ్గిపుల్లంత వెడల్పున నున్నటి గీత పడింది. కొన్నదంతా నేలకే తగలలేదన్నమాట. పైగా అదే మలుపును అదే వేగంతో తిరగడానికి వెడల్పు టైరు బండిని మరికొంత వంచక తప్పదు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా సుమారు 19 కిలోమీటర్లు దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఉన్నచోట, రేసు టైరు ఎవరి కోసమో నాకు అర్థం కాదు.

140 కన్నా 150 పెద్దది కనుక బండి ఎత్తు పెరుగుతుందని కొందరు దీనికి తోక తగిలిస్తున్నారు. జరిగేది తిరగబడి ఉంటుంది: 140/70-17 వ్యాసం సుమారు 628 మిల్లీమీటర్లు, 150/60-17 వ్యాసం 612. ఆ తేడాలో సగం, అంటే 8 మిల్లీమీటర్లు వెనక భాగం దిగుతుంది, హ్యాండిలు తిప్పడం మందగిస్తుంది.

బ్రేకు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గట్టిగా పట్టినప్పుడు బరువులో ఎక్కువ భాగం ముందు చక్రం మీదికే వాలుతుంది కనుక వెనక టైరు వెడల్పుతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. డబ్బు మిగుల్చుకుంటున్నారన్న ఆరోపణలో రవ్వంత నిజం ఉండవచ్చు గానీ, 1000 సీసీ బండ్లకు 190 టైరు ఇస్తున్న కంపెనీలు దానికి 6 అంగుళాల రిమ్మును కూడా ఇస్తున్నాయి.

130/70 ఉన్న బండికి 140/70 వేయడం మాత్రం తప్పు కాదు. రిమ్ము మీద పోతపోసిన వెడల్పు అంకె 3.50 అంగుళాలకు తగ్గకుండా ఉండి, చైనుకూ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య టైరు చిటికెనవేలు పట్టేంత సందుతో తిరుగుతుంటే చాలు.